సంస్థాపకుల సెలవు: ఆంధ్రదేశ గ్రంథాలయ చరిత్రమున నొక ప్రకరణము

ఈ యేటి మహాసభా సంచికకు నొక చరిత్రవ్యాసము వ్రాసి యీయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను గోరిరి. విషయమును గూడ వారే నిర్ణయించిరి. తాటిపాకలో మన సంఘము నాశ్రయించి చిరకాలముగా నడచుచున్న పుస్తకగోష్ఠికి మూలపురుషులైన పెద్దలు వయోభారముచే నీ సంవత్సరము కార్యభారమును విడుచుచున్నారు. వారికి జరుగబోవు వీడుకోలు సభను పురస్కరించుకొని వారి చరిత్రమును వ్రాయుమని మొదట వచ్చిన యాజ్ఞ. నేను వారి యింటికి బోయి యీ సంగతి విన్నవించితిని. వారు పడకకుర్చీలో గూర్చుండి కొంతతడవు మాటలాడక, "మాస్టారూ! నా పేరు అచ్చులో కనబడినచో నేనా సభకు రాను. వ్రాయవలెనని యున్నచో నాకు ముందు ఈ పని చేసి, పిదప దానిని విడిచిపెట్టిన వారిని గూర్చి వ్రాయుడు" అనిరి. కావున వారి నామధేయము నిచట వ్రాయను. వారు చూపిన త్రోవనే పోవుదును. ఆ త్రోవ నన్ను మా కోనసీమ సరిహద్దులను దాటించి చాల దూరము కొనిపోయినది.

మన ధర్మశాస్త్రములు పుణ్యకర్మములను ఇష్టమనియు, పూర్తమనియు రెండు తెగలుగా విభజించినవి. యజ్ఞయాగాదులు ఇష్టము. వాపీకూపతటాకములు, దేవాలయములు, అన్నసత్రములు, ఆరామములు పూర్తము. పూర్తమును గూర్చి సామాన్యులు మరచు నంశ మొకటి యున్నది. చెరువు త్రవ్వించుటతో నా కార్యము ముగియదు. ప్రతిష్ఠావిధియందు ఉత్సర్గమను నొక యంగము గలదు. త్రవ్వించిన యజమానుడు, ఈ జలమును సకలభూతముల కొరకు విడిచితినని సంకల్పము చెప్పవలెను. అది చెప్పువరకు నది యాతని చెరువు. చెప్పిన పిమ్మట గట్టుమీద నాతడును, దప్పిగొని వచ్చిన బాటసారియు నొక్కటియే. సంకల్పమున మనుష్యులు మాత్రమే గాదు, పశుపక్షిమృగాదులును జేరును. మా గురువులు ఈ ప్రకరణమును పాఠము చెప్పునపుడు, "త్రవ్వించుటకు ధనము చాలును, విడుచుటకు మనస్సు కావలయును" అనుచుండిరి. నాకప్పటికి పదునెనిమిదేండ్లు. ఆ మాట చెవిని బడినదే కాని మనస్సున కెక్కలేదు.

సప్తసంతానములలో గ్రంథాలయము లేదు. తటాకము, నిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు అని లెక్కింతురు. కృతి యున్నది గాని కృతులను పదిమందికి జదువనిచ్చు నిల్లు లేదు. పూర్వులకు గ్రంథమనగా నొక కుటుంబపు సొత్తు. అటుకమీద, ఎఱ్ఱని గుడ్డలో, చాదుపసుపు పూతలతో తాళపత్రములు తరతరములుగా నుండెడివి. అడిగినవారి కిచ్చుట కంటె దాచుటయే వాటికి రక్షణమని తలచిరి. వారిని నిందింపరాదు. ఒక భారతపర్వమును గంటముతో వ్రాయుటకు నెలలు పట్టెడి కాలమది.

అట్టి కాలమునందే దాచుటకు మారుగా బంచిపెట్టిన మహనీయు రాలొకతె యున్నది. తాటిపాక యనగానే నేటివారికి చమురుశుద్ధి కర్మాగారము జ్ఞప్తికి వచ్చును గాని, 1907లో గోదావరి జిల్లా గెజిటీరు వ్రాసిన హెమింగ్వే దొర మన గ్రామమును జైనావశేషములున్న గ్రామములలో బేర్కొనెను. ఆ జైనులు దానములలో శాస్త్రదానమున కున్నతస్థానము నిచ్చిరి. పదియవ శతాబ్ది చివర చాళుక్యుల కాలమున నుండిన అత్తిమబ్బె యను సాధ్వి, పొన్నకవి రచించిన శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెనని కన్నడవాఙ్మయ చరిత్రకారులు చెప్పుదురు. ఆమె పుట్టినింటివారు వేంగీదేశమునకు సంబంధించినవారే. ఒక గ్రంథమునకు వేయి ప్రతులు! అచ్చుయంత్రము లేదు, కాగితము లేదు. ఎన్ని తాటియాకులు గోసిరో, ఎందరు లేఖకులు గూర్చుండిరో యూహించుకొనుడు. ఆమె యవి వ్రాయించి భాండాగారమున బెట్టి తాళము వేయలేదు. ఉత్సర్గ మనగా నిది.

ఇక నధునాతన కాలమునకు వత్తము.

ఆంధ్రులలో పుస్తకముల కొరకు చందాలు వేసికొని సంఘముగా గూడుకొను నలవాటు ఇరువదవ శతాబ్ది ప్రారంభమున వేళ్లూనినది. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని హైదరాబాదునగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. ఆనాడు నైజాము రాజ్యమున తెలుగు చదువుటకు బడి యరుదు, కొలువునందు చోటు మృగ్యము. అట్టిచోట రావిచెట్టు రంగారావు పంతులుగారు తమ యింటనే యీ నిలయమునకు దావిచ్చిరి. మునగాల రాజావారైన నాయని వేంకట రంగారావుగారును, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారును వారికి దోడ్పడిరి. రంగారావు పంతులుగారు 1910లో, ముప్పదిమూడేండ్ల ప్రాయముననే, స్వర్గస్థులైరి. వారికి వీడుకోలు సభ జరుగుట కవకాశమే లేకపోయినది. ఇల్లు వారిది, పూనిక వారిది. అధిష్ఠాత పోయినపుడు నిలయము గూడ బోవలసినదే యని యెవరైనను దలచెదరు. అట్లు కాలేదు. వారి సహధర్మచారిణి లక్ష్మీనరసమ్మగారు భవనమునకు ధనసహాయము చేసిరి. మిత్రులు పూనుకొనిరి. ఆ నిలయము సుల్తానుబజారున నేటికిని నిలిచియున్నది. ఈ సంగతి వ్రాయునపుడు మన సంఘపు పురుషులకొక మాట చెప్పదలచితిని. మన గోష్ఠి పుస్తకములను వానకాలమున నెండబెట్టి, అట్టలు వేసి, చిమ్మటలు దులిపినవారు ఆ పెద్దల యింటి యిల్లాలు. వీడుకోలు సభ యాహ్వానపత్రమున నామె ప్రసక్తి నాకు గానరాలేదు.

లక్ష్మణరావు పంతులుగారిని గూర్చి కొంత విరివిగా జెప్పవలయును. 1906లో వారు మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. చందాదారుల యాదరణముపై నాధారపడి, చరిత్రము, ప్రకృతిశాస్త్రము, జీవచరిత్రములు మున్నగు విషయముల తెలుగు గ్రంథములను వరుసగా బ్రకటించు సంస్థ యది. నా యభిప్రాయమున ఆంధ్రదేశమున నిజమైన పుస్తకగోష్ఠి యదియే. ఆ మాలలో తొలిపుష్పము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. ఎక్కడి యమెరికా, ఎక్కడి తెలుగు పల్లె! ఐనను దాస్యవిమోచనము చేసినవాని కథతో నారంభించుటలో వారి యుద్దేశము స్పష్టమే. ఆ గ్రంథకర్తయే 1908లో స్వరాజ్య పత్రికలోని వ్రాత నిమిత్తము మూడేండ్ల కారాగారశిక్ష కెర యయ్యెను.

లక్ష్మణరావుగారు పిమ్మట ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు బూనిరి. ఒక విశ్వవిద్యాలయమువారు చేయదగిన కార్యము నొక వ్యక్తి తలకెత్తుకొనెను. మూడు సంపుటములు వెలువడినవి గాని యకారము గూడ ముగియలేదు. 1923 జూలై 12వ తేదీని, నలువదియారవ యేట వారు కాలధర్మము నొందిరి. ఎవరును ముందుకు రాకున్నచో నా కృషి యంతయు నటుకెక్కెడిదే. తరువాతి దశాబ్దమున దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని దిరిగి చేపట్టి సంపుటములు ప్రకటించిరి. ఆ పంతులుగారును 1938లో గతించిరి. సర్వస్వ మసంపూర్ణముగనే నిలిచినది. అసంపూర్ణమైనను రెండుతరముల ఉపాధ్యాయులకు నది నిధి. నేనును ఆ పాతసంపుటములనుండి యెత్తి వ్రాసికొన్న పుటలను చాలకాలము దాచుకొంటిని.

బ్రదికియుండగనే విడిచినవారు మఱి యరుదు. వారిలో మన గోదావరీతీరవాసులు గర్వింపదగిన పేరు కందుకూరి వీరేశలింగము పంతులుగారిది. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యావదాస్తిని దానికి ధారపోసిరి. వితంతుశరణాలయము, పాఠశాల, తోట, ఇల్లు, అన్నియు సమాజమునకే. అప్పటికి వారికి సంతానము లేదు గదా, ఇచ్చుటలో వింతయేమి యని నాతో నొకరు వాదించిరి. సంతానము లేనివారు దత్తత చేసికొనుటయు, బంధువులకు వ్రాసియిచ్చుటయు లోకమున జూచుచునే యున్నాము. వీరేశలింగముగారు 1919 మే 27వ తేదీని మదరాసున మరణించునాటికి, ఆయన పేర నాయన విడువవలసిన దేదియు మిగులలేదు.

ఆ పంతులుగారి ప్రభావమున బెరిగిన చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారిని మన గ్రంథాలయచరిత్రము మరువరాదు. 1914 ఏప్రిలు 10వ తేదీని బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు ప్రప్రథమముగా సమావేశమైనపుడు వారే యధ్యక్షత వహించిరి. అప్పటికి పంతులుగారికి జూపు లేదు. బాల్యమున రేచీకటి, పిదప పూర్తిగా నంధత్వము. పుస్తకమును కన్నులార జదువజాలనివారు పుస్తకశాలల ప్రథమసభ కధ్యక్షులైరి! ఒకరు చదువగా విని, తాము చెప్పగా నొకరు వ్రాయ, నవలలు నాటకములు రచించిన మహానుభావులు. నూటికి పదిమందికి మించి చదువరులు లేని యా దినములలో గ్రామగ్రంథాలయము చేయవలసిన పనియు నదియే గదా! చదువు వచ్చినవాడు చదువవలెను, రానివాడు వినవలెను. మన గోష్ఠిలో ఆదివారము సాయంకాలమున నొకరు బిగ్గరగా జదువుట, కొబ్బరి దింపువారును, పడవవారును అరుగుక్రింద గూర్చుండి వినుట పెక్కేండ్లు జరిగినది. తరువాత దూరదర్శనము వచ్చి యా వాడుక యడుగంటినది.

బెజవాడ సభను గూర్చినవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు. 1890లో రామచంద్రపురము ప్రాంతపు కొంకుదురున జన్మించిరి. అనగా మనకు గౌతమి యావలి గట్టువారే. 1911లో బెజవాడయందు రామమోహన ధర్మపుస్తక భాండాగారమును నెలకొల్పుటకు దోడ్పడి, మూడేండ్లలో దేశమందలి చిల్లర గ్రంథాలయముల నన్నింటిని నొక్క సంఘముగా జేర్చిరి. అనతికాలముననే గ్రంథాలయసర్వస్వమను పత్రికను బ్రకటించిరి. 1919 నవంబరు 14వ తేదీని మదరాసున అఖిలభారత గ్రంథాలయ మహాసభను బిలిపించిరి. బరోడా సంస్థానపు గ్రంథాలయాధికారి కుడాల్కరుగారు దాని కధ్యక్షులు. నేడు దేశమంతట నవంబరు 14 మొదలు జరుపుకొను గ్రంథాలయ వారోత్సవములకు మూల మాదినమే. రమణయ్యగారి చరిత్రమున నన్నాకర్షించున దొక్కటి. సంఘము తాను పెట్టినదే యైనను, అధ్యక్షపీఠమున బరులను గూర్చుండబెట్టి తాను కార్యదర్శియై యూరూర దిరిగెను. హరిసర్వోత్తమరావుగారు 1934 మొదలు 1960లో మరణించువరకు ఆ సంఘమున కధ్యక్షులుగా నుండిరి. స్థాపించినవాడు పీఠమెక్కనిచో, దిగవలసిన దుఃఖమును లేదు. 1972లో పద్మశ్రీ బిరుదము వచ్చునాటికి రమణయ్యగారికి ఎనుబదిరెండేండ్లు. 1979లో గతించిరి.

పడవ గ్రంథాలయమును గూర్చి మన కోనసీమవారికి జెప్పకున్న నీ వ్యాసమున కసంపూర్ణత. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువలే మనకు రాజమార్గములు. గన్నవరమున వైనతేయమీద అక్విడెక్టు కట్టి నీటిని దాటించినది మొదలు మన నగరపులంకకు నీరును, నీటితో బడవలును వచ్చెను. మా బాల్యమున పడవమీద బోవుట యనగా నొకపూట కాలక్షేపము. అట్టి ప్రయాణికుల తీరికను జూచి, 1935లో గుంటూరుజిల్లా పెదపాలెమువాసులైన పాతూరి నాగభూషణముగారు కొమ్మమూరు కాలువలో నడచు పడవలలో పుస్తకముల పెట్టెల నుంచిరి. ఎక్కినవారు చదువుకొని, దిగునపుడు తిరిగి యిచ్చి పోవుదురు. ఇంత సులభమైన యూహ మన కాలువలలో నెవరికి దోచకపోవుట నాకు జిరకాలముగా విచారకారణము. రహదారులును, బస్సులును వచ్చి పడవలు మూలబడిన పిమ్మట నా పెట్టెలకు బనిలేకపోయినది. నాగభూషణముగారు దానిని బట్టుకొని వ్రేలాడక, గ్రంథాలయ సంఘమునకు బెజవాడ పటమటలో సర్వోత్తమభవనమును సమకూర్చు పనిలోను, గ్రంథపాలకులకు శిక్షణ యిచ్చు పనిలోను బడిరి. తన ఊహకు గాలము చెల్లినదని తెలిసికొనుటయు నొకవిధమైన సెలవు పుచ్చుకొనుటయే.

కోనసీమలోనే పుట్టిన సంస్థాపకుడు లేడా యని మీరడుగవచ్చును. ఉన్నాడు. ముక్తేశ్వరమున 1860లో జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించిరి. పిఠాపుర మహారాజావారి యాదరణమున సూర్యరాయాంధ్ర నిఘంటువునకు బూనిరి. గ్రాంథికపక్షమున గిడుగువారితో హోరాహోరి పోరాడిరి. ఆ వివాదమున వారు పూర్తిగా గెలువలేదనుటకు నేటి పత్రికలే సాక్ష్యము. నేను మాత్రము ఇంకను వారి పక్షముననే వ్రాయుచున్నాను, ముసలివాని మొండితన మనుకొనుడు. నిఘంటువు ప్రథమసంపుటము 1936లో వెలువడెను. పంతులుగారు 1941లో బోయిరి. తుది సంపుటములు వారనంతరము చాల కాలమునకు గాని వెలుగు జూడలేదు. వారు ప్రోగుచేసిన తాళపత్రగ్రంథములు కాకినాడలో రాష్ట్ర పురావస్తుశాఖవారి యధీనమున నున్నవి. పట్టుదలగలవాని చేతినుండి పని జారినను, పని కొక యాకారము వచ్చియున్నచో మఱియొకడు దాని నందుకొనును.

ఈ విషయమున పాశ్చాత్యుల యనుభవమును నొకటి చెప్పెదను. అమెరికాలో బెంజమిను ఫ్రాంక్లినను వాడు, యౌవనమున ముద్రాపకుడుగా నుండగా, మిత్రులతో నొక గోష్ఠిని బెట్టెను. అందరి పుస్తకములును నొక గదిలో బెట్టి యందరును జదువుకొందమనిరి. ఇంచుమించు ఏడాది తిరుగునప్పటికి జాగ్రత్త చాలలేదని యెవరి పుస్తకములు వారు ఇండ్లకు గొనిపోయిరి. అప్పుడతడు యోచించి, 1731లో తలకింత యని చందా వేసి, ఆ సొమ్ముతో గ్రంథములు కొని, ఏ యొక్కనిదియు గాక యందరిదియు నగు గ్రంథాలయమును ఫిలడెల్ఫియా నగరమున స్థాపించెను. మొదటి చందాదారులు ఏబదిమంది. ఆ సంస్థ యిప్పటికిని గలదు. మొదటిది చెడి రెండవది నిలుచుటకు హేతు వొక్కటే: మొదటిదానియందు పుస్తకముల నెవరును విడువలేదు, పరస్పరము చూపుకొనిరి, అంతే. మన దేశమున గ్రంథాలయశాస్త్రమునకు బిత యనదగిన రంగనాథముగారు 1924 మొదలు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున బనిచేసి, 1945లో సెలవు పుచ్చుకొనిరి. పిదప తమ జీవితార్జితమైన లక్షరూపాయలను ఆ శాస్త్రపీఠము కొరకు మదరాసు విశ్వవిద్యాలయమునకే సమర్పించిరి.

విడువని కథ నొకటి నా యనుభవమునుండి చెప్పి యసలు సంగతికి వత్తును. నేను పనిచేసిన యొక పాఠశాలలో మంచి గ్రంథముల బీరువా యొకటి యుండెను. దానిని సమకూర్చిన పెద్దమనిషి పుస్తకప్రియుడు, నిష్కళంకుడు. తాళపుచెవి మొలత్రాటికి గట్టుకొని తిరిగెడివాడు. పిల్లలు చించుదురని భయము. ఆయన పదవీవిరమణదినమున దండలు వేసితిమి, శాలువ కప్పితిమి, పద్యములు చదివితిమి. ఆ పద్యములు నేనే వ్రాసితిని. తాళపుచెవి సంగతి యాయనకును, మాకును నెవరికిని జ్ఞప్తికి రాలేదు. ఆయన వేఱొక యూరున కుమారునియొద్ద జేరెను. బీరువా పగులగొట్టుటకు బై యధికారుల యనుజ్ఞ కావలెనని కొందరు, వలదని కొందరు. ఇంతలో 1996 నవంబరు 6వ తేదీ తుపాను. కప్పు లేచిపోయినది, మూడుదినములు వాన. తలుపు తెరచునప్పటికి క్రింది రెండరలును చెదలుపుట్ట, పైయరలు అంబలి. ఆ బురదనుండి చేతికి వచ్చిన కొన్నింటిని కొబ్బరాకు చాపలమీద పుటపుటయు విప్పి యెండబెట్టినవారు, ఇప్పుడు సెలవు పుచ్చుకొనుచున్న మన పెద్దలే. బడికి సంబంధము లేనివారు. త్రోవను బోవుచు జూచి యాగిరి. మన గోష్ఠి కవియే మొదటి పుస్తకములు. వానిపై నీటిమరకలు నేటికిని గలవు. ఆ వీడుకోలు పద్యములు నా కిప్పుడొక్కటియు జ్ఞప్తికి రాకుండుట మేలే.

ప్రభుత్వపు గ్రంథాలయములుండగా మనకు గోష్ఠి యేల యని ప్రశ్నింపవచ్చును. 1948లో మదరాసు గ్రంథాలయచట్టము వచ్చెను. పిదప 1960లో ఆంధ్రప్రదేశమునకు వేఱు చట్టము. ఇంటిపన్ను రూపాయకు 8 పైసలు గ్రంథాలయపు సెస్సు మనమందరమును జెల్లించుచునే యున్నాము. వసూలు చేసిన స్థానికసంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలమున జమకట్టరను మొఱ రాష్ట్రమంతటను వినబడును. శాఖలున్నవి, వార్తాపత్రికలు వచ్చుచున్నవి, పోటీపరీక్షల పిల్లలు చదువుకొనుచున్నారు, మంచిదే. ఐనను చదివినదానిని గూర్చి మాటలాడుకొనుటకు గోష్ఠి కావలయును. డెబ్బదుల ప్రాంతమున సందుసందున నద్దెపుస్తకముల దుకాణములు వెలసినపుడు, దినమునకు పావలా యిచ్చి నవలలు దెచ్చుకొను స్త్రీలను జూచి నేను, సంస్కృతము చదివితినను గర్వముచే, పెదవి విఱిచితిని. ఆ యిల్లాండ్రే పిదప మన గోష్ఠిలో భారతము వచనమును బారముట్ట జదివిరి. నాతోడి పండితులు చాలమంది రాలేదు.

ఇక నసలు సంగతి. పెద్దలు సెలవు పుచ్చుకొనుచున్నారను వార్త పొక్కినది మొదలు, ఇకమీదట గోష్ఠి సభ్యత్వమును మన సంఘస్థులకే పరిమితము చేయుదమను మాట కొందరి నోట వినవచ్చుచున్నది. గది మన సంఘముది, చందాలలో బెద్దమొత్తము మనవారిది, పేరు మాత్ర మందరిదియు నేల యని వారి వాదము. ఆ పెద్దలుండగా నెవరును నోరెత్తలేదు. వాదించువారు నాకు గావలసినవారే, కొందరు శిష్యులు గూడను. ఐనను ఈ సంచికయందే, మన వారందరు జదువుచోటనే, నా యభిప్రాయము చెప్పుట ధర్మమని తోచినది.

బెజవాడలో గూడిన 1914 నాటి సభ కధ్యక్షత వహించిన లక్ష్మీనరసింహము పంతులుగారే, అంతకు ముందు 1909లో, అస్పృశ్యులని లోకము దూరముంచిన కులముల బాలుర కొరకు రాజమహేంద్రవరమున బాఠశాల నడపిరి. గ్రంథాలయోద్యమమును, ఆ పాఠశాలయు నొక్క హృదయమునుండి పుట్టినవి. వేటపాలెమున 1918లో ఊటుకూరి వేంకట సుబ్బరాయశ్రేష్ఠిగారి పూనికతో బుట్టిన సారస్వతనికేతనమును జూడుడు. 1929లో గాంధిమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. చిన్నయూరి యువకుల సంఘముగా నారంభమైనది. నేడు పాతపత్రికల కొరకు దూరదేశములనుండి పరిశోధకులు వెదకికొని వత్తురు. వారే తమవారికి మాత్రమే యని గిరి గీసికొనియున్నచో, వేటపాలెము పేరు చీరాల దాటి వినబడెడిదా? 1996లో తడిసిన పుస్తకములను ఎండబెట్టినపుడు చాపలు తెచ్చియిచ్చినవా రెవరో, రాత్రి కావలి యున్నవా రెవరో మన పెద్దల నడుగుడు. వారిలో మన సంఘస్థు లిరువురు మాత్రమే. శాస్త్రదృష్టిచేతనైనను, గది మనదై యుండవచ్చును గాని పుస్తకములు విడువబడినవి. విడిచినదానిని మఱల మనదనుటను మన స్మృతులు దత్తాపహారమని పిలుచును. ఆ దోషమున కెంత ఫలము చెప్పబడినదో యిచట వ్రాసి పండుగపూట మనస్సు నొప్పింపను.

వాదించువారి మాటలో నొక న్యాయము మాత్రము గలదు. చందా లీయనివారు పుస్తకములు గొనిపోయి యీయకున్నారు. దానికి మందు చందా నియమమే గాని కులనియమము గాదు. ఫ్రాంక్లిను చేసినదియు నదియే. నెలకు పదిరూపాయ లెవరిచ్చినను సభ్యులు. ఈయలేని విద్యార్థులకు సంఘము చెల్లించుట. ఈ మేరకు నొక తీర్మానమును మహాసభ రెండవదినపు సమావేశమున నేను ప్రతిపాదింపనున్నాను. బలపఱచువారు ముందుగా నాకు దెలుపగోరెదను.

వీడుకోలు సభ క్రమమును గూడ మార్చితిమి. పద్యములు లేవు, శాలువ లేదు. పెద్దలు సభామధ్యమున బీరువాల తాళపుచెవులను, అరువుల రిజిస్టరును బల్లపై బెట్టుదురు. పుస్తకముల జాబితాను ఇరువురు యువకులు చదువుదురు; ఒక్కొక్కటి యున్నదో లేదో సరిచూచుకొని క్రొత్త కార్యవర్గము చేవ్రాలు చేయును. ఇది పూర్తియగుటకు మూడుగంటలు పట్టవచ్చును గనుక ఫలాహారము ముందుగనే యేర్పాటైనది. ఆ గృహిణికి వేదికపై మొదటి కుర్చీ. పెద్దలు మఱునాటినుండి సామాన్య చందాదారులు. వారి పేరు రిజిస్టరున చివరి సంఖ్యతో జేరును, ఇదియు వారి కోరికయే.

రిజిస్టరును నేను నిన్న సరిచూచితిని. నలువదియేడు పుస్తకములు అరువుపోయి మూడేండ్లు దాటినవి. అందు నా పేరున నున్నవి రెండు. ఒకటి దొరకినది. రెండవదానిని వెదకుచున్నాను. తక్కిన నలువదియైదింటిని గొనిపోయిన మహాశయులు సభాదినమునకు ముందుగా వానిని తాటిపాకకు జేర్పింపవలెనని ప్రార్థించుచున్నాను.